'వివేకవంతుడి' కులం

దళితుల మీద దాడుల కేసుల్లో తీర్పు వెలువడిన ప్రతిసారీ మనవాళ్ళ మధ్య రెండు మాటలే వినిపిస్తుంటాయి. శిక్ష పడితే 'న్యాయం గెలిచింది' అంటాం. కేసు కొట్టేస్తే 'జడ్జీలు అమ్ముడుపోయారు' అంటాం. ఈ రెండు మాటలూ తీర్పు చదవకుండానే అనెయ్యొచ్చు. అందుకే ఈ రెండింటితోనూ మాకు పేచీ ఉంది. లంచం తిన్న జడ్జి ఎక్కడైనా ఉండొచ్చు, అది వేరే సంగతి. మేం ఇక్కడ మాట్లాడబోయేది లంచం ముట్టని జడ్జి గురించి. కేసు కాగితాలన్నీ చదివిన, తాను ఏ కులానికీ కొమ్ముకాయడం లేదని నిజాయితీగానే నమ్మే జడ్జి గురించి. ఆయన రాసిన తీర్పులోకి ఆయన పుట్టి పెరిగిన ఇల్లూ, ఊరూ, కులమూ, మగతనమూ ఏ దారిన వచ్చి కూర్చుంటాయి? ఇది తేల్చుకోకపోతే మన కోపం కోర్టు గేటు బయట నినాదంగానే ఆగిపోతుంది, తీర్పు దాకా చేరదు.

చట్టం తెరిచి ఉంచిన తలుపు

జడ్జి చట్టాన్నీ సాక్ష్యాన్నీ తప్ప ఇంకేమీ చూడడని లా కాలేజీల్లో చెప్తారు. కానీ ఆ సాక్ష్య చట్టాన్నే ఒకసారి తెరిచి చూద్దాం. 1872లో బ్రిటిష్ వాళ్ళు చేసిన చట్టంలో 'రుజువైంది' అంటే ఏమిటో మూడో సెక్షన్ చెప్పింది. ఒక విషయం ఉన్నదని కోర్టు నమ్మాలి, లేదా వివేకవంతుడైన మనిషి ఆ పరిస్థితుల్లో అది ఉన్నదనుకుని నడుచుకునేంత సంభావ్యంగా అది కనిపించాలి. 114వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సహజంగా జరిగే తీరునీ, మనుషుల నడవడినీ, వ్యవహారాల మామూలు పద్ధతినీ దృష్టిలో పెట్టుకుని కోర్టు కొన్ని సంగతులు జరిగినట్టు ఊహించుకోవచ్చని చెప్పింది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 114 కాస్తా 119 అయ్యింది. ఆ వివేకవంతుడు మాత్రం ఎక్కడికీ పోలేదు.

దీన్ని మేం తప్పు పట్టడం లేదు. లోకజ్ఞానం లేకుండా ఏ కోర్టూ పనిచెయ్యలేదు. అర్ధరాత్రి కత్తి పట్టుకుని పక్కింటి గోడ దూకినవాడు పలకరింపుకి వెళ్ళలేదని తెలుసుకోడానికి సాక్షి అక్కర్లేదు. మా ప్రశ్నల్లా ఒక్కటే. ఆ లోకం ఎవరిది? ఊళ్ళోని మనిషి నడవడి వేరు, వాడలోని మనిషి నడవడి వేరు అయిన దేశంలో 'మనుషుల సహజ నడవడి' అన్నప్పుడు ఏ మనుషుల్ని కొలతగా తీసుకుంటున్నారు? కులం, ఆడ-మగ విలువలు తీర్పుల్లోకి వచ్చే తలుపు ఇదే. ఆ తలుపు మీద కులం పేరు రాసి ఉండదు. 'సంభావ్యం కాదు', 'అసహజం', 'నమ్మశక్యంగా లేదు' అని రాసి ఉంటుంది.

మూడు తీర్పులు

1968 డిసెంబరు 25 రాత్రి తమిళనాడులో, అప్పటి తూర్పు తంజావూరు ప్రాంతంలోని కీళ్‌వెణ్మణిలో దళిత వ్యవసాయ కూలీల గుడిసెలకి నిప్పుపెట్టారు. ఒకే గుడిసెలో తలదాచుకున్న 44 మంది కాలిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. కూలి పెంచమనడం, ఎర్రజెండా కింద సంఘం కట్టుకోవడం వాళ్ళు చేసిన తప్పు. కింది కోర్టు 1970లో కొందరు భూస్వాములకి పదేళ్ళ శిక్ష వేసింది. మద్రాసు హైకోర్టు వాళ్ళని వదిలేసింది. ఆ తీర్పులో ఒక ఆశ్చర్యం ఉంది. ముద్దాయిలు 23 మందీ మిరాసుదార్లే కావడం ఏమిటని, విస్తారంగా భూములున్న ధనవంతులు, అందులో ఒకాయనకి కారు కూడా ఉన్నవాడు, పనివాళ్ళని పంపకుండా తామే నడిచివెళ్ళి ఇళ్ళు తగలబెట్టారంటే నమ్మడం కష్టమని ఆ తీర్పు భావం.

ఆ జడ్జీల సొంత జీవితాలు మాకు తెలీవు, తెలియాల్సిన పనీ లేదు. ఆ వాక్యం చాలు. డబ్బున్నవాడు తన చేత్తో నిప్పుపెట్టడు, పెట్టిస్తాడు అన్నది ఎవరి లోకజ్ఞానం? గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడ్డ ఆసామిని చూసిన కూలీది కాదు. చెట్టుకి కట్టేసి కొట్టేటప్పుడు మొదటి దెబ్బ తన చేత్తోనే వేసే దొరని చూసినవాళ్ళది కాదు. పైగా ఆ వాక్యంలోనే ఇంకో సంగతి దాగుంది. పనివాళ్ళ చేత చేయించి ఉంటే నమ్మేవాళ్ళట! అంటే నేరం చెయ్యడం కూలివాడికి సహజం, ఆసామికి అసహజం.

రెండోది రాజస్థాన్‌ది. భటేరీ గ్రామంలో భన్వరీదేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేసేది. కుమ్మరి కులస్తురాలు. దళితురాలు కాదు గానీ, ముద్దాయిల కులాలతో పోలిస్తే ఆ ఊళ్ళో కింది మెట్టు మనిషే. బాల్యవివాహాన్ని ఆపబోయిందన్న కసితో 1992 సెప్టెంబరు 22న తన మీద సామూహిక అత్యాచారం చేశారని ఆమె ఫిర్యాదు. 1995 నవంబరులో జైపూర్ కోర్టు అత్యాచార నేరం నుంచి ముద్దాయిల్ని విముక్తుల్ని చేసి, చిన్న నేరాలకి మాత్రం శిక్ష వేసింది. దేశమంతా చర్చ జరిగింది ఆ తీర్పు చెప్పిన కారణాల మీద. వయసు మళ్ళిన పెద్దమనుషులు ఇలాంటి పని చెయ్యరు. బాబాయి వరసవాడు అబ్బాయి ఎదురుగా చెయ్యడు. పైకులం మగవాడు కింది కులం ఆడదాన్ని ముట్టుకుని మైలపడడు. కళ్ళముందు భార్యకి ఇలా జరుగుతుంటే మొగుడు చూస్తూ ఊరుకోడు.

దీన్ని ఒక జడ్జి అజ్ఞానం అని కొట్టిపారేస్తే సులువే. కానీ గమనించండి. ఇందులో ప్రతి వాక్యమూ 'మనుషుల సహజ నడవడి' గురించిన వాక్యమే. పగలు నీళ్ళ బిందె ముట్టుకోనివ్వని వాడికి రాత్రి ఆడదాని వంటికి మైల ఉండదని వాడలో పుట్టిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. దానికి ఆమెకి సాక్ష్యం అక్కర్లేదు. అయితే కోర్టులో లోకజ్ఞానంగా చెలామణి అయ్యింది ఆమెకి తెలిసింది కాదు, శాస్త్రాలు చెప్పింది. మైల అనే నియమాన్ని అదేదో ప్రకృతి నియమం అన్నట్టు తీసుకున్నారు. ఆమె అనుభవం మీద మొదలైన పోరాటమే 1997లో విశాఖ తీర్పుగా పనిచేసే ఆడవాళ్ళందరికీ రక్షణ సూత్రాల్ని తెచ్చిపెట్టింది. ఆమె సొంత కేసులో అప్పీలు మాత్రం హైకోర్టులో ఏళ్ళ తరబడి కదల్లేదు.

మూడోది మనది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. బతికినవాళ్ళు ఊరు విడిచి వచ్చి, ఏళ్ళ తరబడి పోరాడి, కోర్టునే చుండూరుకి రప్పించుకున్నారు. దాడి జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు నడవడం అదే మొదలు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. ఎప్పుడు చనిపోయారు, ఎక్కడ చనిపోయారు, ఎవరు ఎవర్ని కొట్టారు అన్నవి నిర్దుష్టంగా రుజువు కాలేదన్నది ప్రధానమైన కారణాల్లో ఒకటి.

ఇక్కడ కులం మాట ఒక్కటీ కనిపించదు. కీళ్‌వెణ్మణి నుంచి చుండూరుకి వచ్చేసరికి తీర్పు భాష చాలా శుభ్రపడింది. కారున్నవాడు అలా చెయ్యడని ఇప్పుడెవరూ రాయరు. కానీ అడిగిన కొలత చూడండి. శవాల్ని సంచుల్లో కట్టి నీళ్ళలో వేసిందే సమయమూ స్థలమూ తెలియకుండా చెయ్యడానికి. చంపినవాళ్ళు చెరిపేసిన సంగతుల్ని చంపబడ్డవాళ్ళ వైపు మనుషులు చెప్పలేకపోయారు, కాబట్టి బెనిఫిట్ ఆఫ్ డౌట్ ముద్దాయిలకి దక్కింది. ప్రాణం కోసం పొలాల్లో పడి పరిగెత్తినవాడు ఏ దెబ్బ ఎవరిది, ఎన్ని గంటలకి అని గుర్తుపెట్టుకోవాలట. ఇలాంటి సాక్షి ఎక్కడుంటాడు? అరుగు మీద కూర్చుని గడియారం చూసుకుంటూ గొడవ చూసినవాడే అయ్యుండాలి. చట్టం చెప్పే వివేకవంతుడు బహుశా ఆ అరుగు మీదివాడే.

సాక్షి మాట, కోర్టు మాట

ఇంకో చిన్న సంగతి మీద కాస్త ఆగాలి. కోర్టులకి వెళ్ళినవాళ్ళకి ఇది కొత్త కాదు. కూలిపని చేసే మనిషి బోనెక్కి 'పొద్దు వాలినాక' అంటాడు, 'కలుపు తీసొచ్చి గంజి తాగే యేళకి' అంటాడు. 'ఓ వందమంది దాకా వొచ్చారయ్యా' అంటాడు. అతని మాట తెలుగులో బయటికొచ్చి చాలాసార్లు ఇంగ్లీషులో టైపవుతుంది. పొద్దు వాలడం ఓ అంకె అవుతుంది. పోలీసు కాగితంలో ఇంకో అంకె ఉంటుంది. రెండు అంకెలూ కలవవు. క్రాస్ ఎగ్జామినేషన్లో అది 'వైరుధ్యం' అవుతుంది. పై కోర్టులో ఆ మనిషి ఉండడు, అతని గొంతూ ఉండదు, ఆ టైపు కాగితమే ఉంటుంది. అప్పీలు విన్న జడ్జి ఆ కాగితం చదివి 'సాక్షి పొంతన లేకుండా మాట్లాడాడు' అనుకుంటాడు.

అందులో ఏ దురుద్దేశమూ అక్కర్లేదు. గడియారం, కాగితం, దిక్కులు, కొలతలు తెలిసినవాడి మాటే నమ్మదగిన మాట అన్న విలువ ఒకటుంటే చాలు. అది చదువుకున్నవాళ్ళందరి విలువ. నిజానికి మనలో చదువుకున్నవాళ్ళకీ ఉంది. నిజనిర్ధారణకి వెళ్ళినప్పుడు వాడలో నలుగురు ఆడవాళ్ళు చెప్పింది వదిలేసి, చొక్కా నలగని కుర్రాడొకడు వరసగా చెప్పింది రాసుకొచ్చిన రోజులు మాకూ ఉన్నాయి.

ఒకే కోర్టు, రెండు చూపులు

జడ్జి విలువల వల్ల ఎంత తేడా వస్తుందో చూడాలంటే ఒకే చట్టం మీద ఒకే కోర్టు ఇచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టుకోవాలి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచి అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగమవుతోందంది. ప్రభుత్వోద్యోగిని అరెస్టు చెయ్యాలంటే అతన్ని నియమించిన అధికారి అనుమతి, మిగతావాళ్ళని చెయ్యాలంటే జిల్లా పోలీసు పెద్ద అనుమతి కావాలంది. కేసుకి ముందు ప్రాథమిక విచారణ జరపొచ్చంది, ముందస్తు బెయిలుకి దారి తెరిచింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టులో పార్లమెంటు 18-ఎ సెక్షన్ చేర్చింది. 2019 అక్టోబరు 1న అదే సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల బెంచి ఆ ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది. ఎస్సీ, ఎస్టీలు ఒక వర్గంగా అబద్ధపు కేసులు పెడతారనుకోవడానికి ఆధారం లేదనీ, కేసు వీగిపోవడానికి నాసిరకం దర్యాప్తు లాంటి కారణాలు ఉంటాయనీ చెప్పింది.

ఏడాదిన్నరలో దేశం మారలేదు. లెక్కలూ పెద్దగా మారలేదు. కేసు వీగిపోయింది అన్న ఒకే వాస్తవాన్ని మొదటి బెంచి 'ఫిర్యాది అబద్ధమాడాడు' అని చదివింది, రెండో బెంచి 'పోలీసులు పని చెయ్యలేదు' అని చదివింది. ఆ ఎంపిక చట్టం చెయ్యలేదు. ఎవర్ని ముందు అనుమానించాలి అన్న విలువ చేసింది.

మంచి ఉద్దేశంతో రాసిన తీర్పు కూడా ఎక్కడ ఆగిపోతుందో 2021 ఏప్రిల్ 27 నాటి తీర్పు చూపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసు. బాధితురాలు పుట్టుగుడ్డి, దళిత యువతి. కులం, ఆడతనం, అంధత్వం మూడూ ఒకేచోట కలిసినప్పుడు అణచివేత ఎలా ఉంటుందో ఆ తీర్పు శ్రద్ధగా చర్చించింది. మనలో ప్రతి ఒక్కరూ చదవాల్సిన తీర్పది. అత్యాచారానికి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. కానీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షని కొట్టేసింది. ఆమె కులం కారణంగానే నేరం జరిగిందనడానికి ప్రాసిక్యూషన్ విడిగా సాక్ష్యం పెట్టలేదంది. ఆ నేరం 2011 నాటిది, అప్పటి చట్టంలో 'కులం కారణంగా' అన్న మాట ఉంది. కోర్టుకి ఆ పరిధి ఉన్న మాట నిజమే. కానీ కులం కారణమని సాక్ష్యం ఎలా ఉంటుంది? కులం పేరుతో తిడితే సాక్ష్యం. తిట్టకుండా, ఈ మనిషి తరఫున అడిగేవాడెవడూ లేడన్న ధీమాతో చేస్తే సాక్ష్యం ఉండదు. ఆ ధీమాయే కదా కులమంటే!

పుట్టుకా, చూపూ

అయితే జడ్జీలుగా మనవాళ్ళు వస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నని తప్పించుకోకూడదు. ముందు లెక్క చూద్దాం. 2018 నుంచి 2023 జూలై దాకా హైకోర్టుల్లో నియమించిన 604 మందిలో 458 మంది జనరల్, 72 మంది ఓబీసీ, 18 మంది ఎస్సీ, 9 మంది ఎస్టీ అని కేంద్రమే పార్లమెంటుకి చెప్పింది. 1993 తీర్పు తర్వాత జడ్జీల్ని ఎంచుకునే పని జడ్జీల చేతికే వెళ్ళింది. దాన్ని మార్చబోయిన చట్టాన్ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. జడ్జీల నియామకానికి ప్రధాన న్యాయమూర్తి సమ్మతి తప్పనిసరి చెయ్యాలన్న వాదన వచ్చినప్పుడు అంబేడ్కర్ 1949 మే 24న రాజ్యాంగ సభలో దాన్ని ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తి గొప్పవాడే కావొచ్చు గానీ ఆయనా మనిషే, మామూలు జనానికుండే లోపాలూ ఇష్టాయిష్టాలూ ఆయనకీ ఉంటాయి అన్నారు. ప్రభుత్వం చేతికి పూర్తిగా ఇవ్వడాన్నీ ఆయన ఒప్పుకోలేదు. ఈ రెండో సగాన్ని మర్చిపోయి మొదటి సగాన్నే చెప్పుకునేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు.

జడ్జి వచ్చిన చోటు తేడా తెస్తుందనడానికి మన తెలుగు నేల నుంచే ఉదాహరణ ఉంది. కర్ణాటకలో దళితుల్ని బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వని కేసులో హైకోర్టు విడుదల చేసిన ముద్దాయిల శిక్షని 1992 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. జస్టిస్ కె. రామస్వామి అందులో విడిగా రాసిన తీర్పు అంటరానితనం చరిత్రలోకి వెళ్ళి, ఇలాంటి కేసుల్లో జడ్జి ఏ చూపుతో చూడాలో చర్చించింది. దళిత కుటుంబం నుంచి వచ్చిన జడ్జి ఆయన. అయితే ఆ బెంచిలో రెండో జడ్జి దళితుడు కాదు, ఆయనా అదే నిర్ణయానికి వచ్చాడు. కాబట్టి పుట్టుక అవసరమే, అదొక్కటే చాలదు. ఒకరిద్దరు దళిత జడ్జీలు అదే వివేకవంతుణ్ణి కొలతగా పెట్టుకోవాల్సి వస్తే ఎంతదూరం పోగలరు? కొలతే మారాలి.

కొలత మారుతుందా అంటే, మారింది. 1978లో సుప్రీంకోర్టు మథుర కేసులో, పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ అమ్మాయి ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఒప్పుకున్నట్టేనంది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు. ఆడవాళ్ళ సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో సాక్ష్య చట్టంలో 114-ఎ చేరింది. కస్టడీలో అత్యాచారం జరిగినప్పుడు తను ఒప్పుకోలేదని ఆమె చెప్తే కోర్టు అదే నిజమనుకుని మొదలుపెట్టాలి. 'మనుషుల సహజ నడవడి' చెప్పే సెక్షన్ పక్కనే ఈ కొత్త సెక్షన్ చేరడం కాకతాళీయం కాదు. అలాగే 2016 జనవరి 26 నుంచి అత్యాచారాల నిరోధక చట్టంలో పెద్ద నేరాలకి 'కులం కారణంగా' అన్న మాట పోయి 'కులం తెలిసి' అన్న మాట వచ్చింది. బాధితుల్నో వాళ్ళ కుటుంబాన్నో ముద్దాయి ఎరిగినవాడైతే కులం తెలుసనే కోర్టు అనుకోవాలి. విచారణ మొత్తం వీడియో తియ్యాలని 15-ఎ చెప్తోంది. పొద్దు వాలినాక అన్న మాట పొద్దు వాలినాకగానే పై కోర్టుకి చేరే అవకాశం అందులో ఉంది. మన జిల్లాల్లో ఎన్ని కోర్టుల్లో ఆ కెమెరా ఉంది? ఎంతమంది బాధితుల తరఫున మనం ఆ హక్కు అడిగాం?

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. బెనిఫిట్ ఆఫ్ డౌట్ అనే సూత్రం మీద మనం దాడి చెయ్యకూడదు. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. జైళ్ళలో ఐదోవంతు దాటుతారు. ఆ సూత్రం ఎక్కువగా అవసరమైంది మనకే, అందనిదీ మనకే. సాక్ష్యం లేకపోయినా శిక్ష వెయ్యమని మనం అడగడం లేదు. సందేహం అనేది కులాన్ని బట్టి పుట్టకూడదంటున్నాం.

ఇక మన పని. దాడి జరిగిన రోజున వందమందిమి వెళ్తాం. సాక్షి బోనెక్కిన రోజున అతని పక్కన ఇద్దరం కూడా ఉండం. తీర్పు వచ్చిన రోజున మళ్ళీ వందమందిమి ధర్నా చేస్తాం. మధ్యలోని ఆ ఏళ్ళలోనే కేసు పోతోంది. జిల్లాకో చిన్న బృందం చాలు. లా చదివే పిల్లలు, టీచర్లు, సంఘం మనుషులు. తమ జిల్లా ప్రత్యేక కోర్టు ఇచ్చిన తీర్పులు తెచ్చుకుని చదవాలి. 'అసహజం', 'సంభావ్యం కాదు' అన్న మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో గీత గీసి, పక్కన రాసుకోవాలి, ఇది ఎవరికి అసహజం అని. మథుర తీర్పు మీద ఆ నలుగురు చేసింది ఇదే పని. అప్పీలు రాసే ప్లీడరుకి అది పనికొస్తుంది. రేపు ఆ కుర్చీలో కూర్చోబోయే మన పిల్లలకీ పనికొస్తుంది.